కదలని ఇంజను – కారణాన్వేషణము

సేద్యమునకు నీరే ప్రాణము. పల్లమునందున్న నీటిని మెరకకు తెచ్చు పనిని ఒకప్పుడు ఎద్దులు కపిల తోలి చేసెడివి. పిదప ఆ భారమును నూనె ఇంజను తన తల కెత్తుకొనెను. నేడు పెక్కు బావులయొద్ద విద్యుత్తు మోటార్లు పనిచేయుచున్నవి. అయినను తీగలు చేరని పొలములందును, కాలువగట్లమీదను, విద్యుత్తు రాని వేళలయందును చిన్న డీజిలు ఇంజనే రైతునకు దిక్కు. ఈ జాతి ఇంజను ఒకచోట నీరు తోడును. ఒకచోట చిన్న దుక్కి యంత్రమును నడుపును. విశాలమైన పచ్చికబయళ్లుగల దేశములలో గడ్డి కోయు యంత్రమునకు అమర్పబడును. అది చేయు పని ఏదైనను, దానికి వచ్చు మొదటి జబ్బు ఒక్కటియే. వేళకు అది కదలదు. “ఇంజను అందుకొనుట లేదు” అని రైతులు చెప్పునది ఈ జబ్బును గూర్చియే.

నంద్యాలనుండి కర్నూలునకు పోవు దారిలో పాణ్యము కలదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన నంద్యాల జిల్లాలో అది యొక మండల కేంద్రము. చుట్టును నల్లరేగడి పొలములు. తుంగభద్రపై సుంకేసుల యొద్ద బయలుదేరి కడప వైపు సాగు కర్నూలు–కడప కాలువ నంద్యాల ప్రాంతమునకు నీరిచ్చుచున్నది. ఇట్టి కాలువల నీరు ప్రతి చేనికిని తనంతట ఎక్కదు. మెరకనున్న చేనివాడు పంపు పెట్టి తోడుకొనవలసినదే. కాలువలో నీరు నిలుచునది కొన్ని దినములు మాత్రమే. ఆ దినములలో ఇంజను మొరాయించినచో మిరపనారు వాడిపోవును. వేరుసెనగ పూత రాలిపోవును. కాలువ కట్టివేసిన తరువాత ఇంజను బాగుపడియు ప్రయోజనము లేదు. కావున ఇంజనును కదలించుట ఒక చిన్న విషయముగా కనిపించినను, ఒక కుటుంబముయొక్క ఏడాది గ్రాసము దానిపై ఆధారపడియుండును.

అట్టి తొందరలో మనుష్యులు సాధారణముగా మూడు విధముల పొరపడుదురు. కొందరు చేతులు పడిపోవువరకు హ్యాండిలు త్రిప్పుచునే యుందురు. కొందరు వెంటనే స్పానరు పట్టి, చేతికందిన మరనెల్ల విప్పుదురు. మరికొందరు గాలి పీల్చు గొట్టములో పెట్రోలు పోయుటయో, దాని మూతియొద్ద మండుచున్న గుడ్డ పెట్టుటయో చేయుదురు. ఈ మూడింటికిని మూలమైన లోపము ఒక్కటే. కారణమును తెలిసికొనక ముందే చికిత్స మొదలు పెట్టుట. నాడి చూడకుండ మందు పోయు వైద్యుని ఎవరును మెచ్చరు. యంత్రము విషయములో మాత్రము అదే పనిని చాకచక్యమని మెచ్చుకొనుట వింతగా నున్నది. ఇంజనునకు కావలసినది బలవంతుడు కాదు, వరుసగా ప్రశ్నించువాడు.

ప్రశ్నింపవలెనన్న ముందుగా ఇంజను స్వభావము తెలియవలెను. పెట్రోలు ఇంజనులో ఇంధనమును విద్యుత్కణిక అంటించును. డీజిలు ఇంజనులో నిప్పు కణిక లేదు. సిలిండరులోనికి వచ్చిన గాలిని పిస్టను పైకి పోవుచు మిక్కిలి గట్టిగా అణచును. చిన్న ఇంజనులలో ఆ గాలి తొలి పరిమాణములో పదునారవ వంతునకో, ఇరువదవ వంతునకో కుదించుకొనిపోవును. సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగు వేడెక్కుట పిల్లలందరును ఎరిగినదే. ఆ న్యాయముననే సిలిండరులోని గాలియు వేడెక్కును. నడుచుచున్న ఇంజనులో ఆ వేడి 500 సెంటీగ్రేడు డిగ్రీలను దాటును. డీజిలు తనంతట అంటుకొనుటకు సుమారు 250 డిగ్రీల వేడి చాలును. సరిగా ఆ క్షణమున ఇంజెక్టరు డీజిలును మంచువలె సన్నని తుంపరగా చిమ్మును. తుంపర వేడిగాలిలో మండును, పిస్టను క్రిందికి తోయబడును, ఇంజను అందుకొనును.

ఇంతటి సరళమైన సూత్రమైనను అది ఆచరణకు వచ్చుట సులభము కాలేదు. రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు 1858లో జన్మించెను. ఆయన జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరమున 1893లో తన తొలి యంత్రమును పరీక్షించెను. అది ఆశించినట్లు నడువలేదు. 1894 ఫిబ్రవరిలో అది తనంతట తాను నడిచినది సుమారు ఒక నిమిషము మాత్రమే. 1897నాటికి గాని పండితుల యెదుట నిలువగల ఇంజను సిద్ధము కాలేదు. ఆ నడుమ సంవత్సరములలో ఆయన అదృష్టమును నమ్ముకొని హ్యాండిలు త్రిప్పుచు కూర్చుండలేదు. ఒక్కొక్క లోపమును వేరుచేసి, కొలిచి, సవరించుచు వచ్చెను. ఇంజను నిర్మాతకే నాలుగేండ్ల ఓర్పు కావలసివచ్చినప్పుడు, దానిని వాడుకొనువాడు పది నిమిషముల ఓర్పు చూపుట పెద్ద పనికాదు.

ఈ ఇంజను మన పొలములకు చేరుటయు ఒక కథయే. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణమున లిస్టర్ కంపెనీ 1930లో మెల్లగా తిరుగు ఒంటి సిలిండరు ఇంజనును తయారు చేయ మొదలిడెను. ఆ నమూనాననుసరించిన ఇంజనులు తరువాతి కాలమున గుజరాతులోని రాజ్‌కోట్ యందు విస్తారముగా తయారైనవి. పూనా నగరమున కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ అను సంస్థ 1946లో స్థాపింపబడెను. పెద్ద ఫ్లైవీలుతో, ‘దగ్గు దగ్గు’మను చప్పుడుతో నడుచు ఆ ఇంజనులకు ఎలక్ట్రానిక్ పరికరములు లేవు. కావుననే వాని లోపమును కంటితో చూడవచ్చును, చెవితో వినవచ్చును, చేతితో తెలిసికొనవచ్చును. అవి రైతుబిడ్డకు చక్కని విజ్ఞానశాలలు.

ఇంజను అందుకొనుటకు కావలసినవి మూడు. సిలిండరులోనికి ధారాళముగా గాలి రావలెను. ఆ గాలి లీకు లేకుండ, తగిన వేగముతో అణగవలెను. డీజిలు సరియైన తుంపరగా సిలిండరులో పడవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను ఇంజను కదలదు. ఇక చేయవలసిన పని ఏది లోపించినదో కనిపెట్టుట.

అన్నిటికంటె ముందు, పనిముట్లు పట్టకుండ చూడదగినవి కొన్ని కలవు. టాంకులో డీజిలు ఉన్నదా? టాంకు క్రింది కుళాయి తెరచియున్నదా? నిన్న ఇంజనును ఆపుటకు లాగిన మీట తిరిగి నడుచు స్థానమునకు వచ్చినదా? గాలి వడపోతపై ధూళి గడ్డకట్టినదా? ఇంజను నూనె తగిన మట్టమునందున్నదా? ఈ ప్రశ్నలు మిక్కిలి అల్పములుగా తోచును. కాని చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లు, కుళాయి మూసియుంచి పంపు విప్పిన సందర్భములు లేకపోలేదు. సులభమైనది ముందు, కష్టమైనది వెనుక. ఖర్చు లేనిది ముందు, ఖర్చైనది వెనుక. పరీక్షకు ఇదియే మొదటి నియమము.

తరువాత హ్యాండిలు త్రిప్పుచు పొగగొట్టమును చూడవలెను. పొగ ఇంజనుయొక్క భాష. ఎంత త్రిప్పినను పొగ ఏమాత్రమును రానిచో డీజిలు సిలిండరునకు చేరుట లేదని అర్థము. తెల్లని పొగ వచ్చుచు ఇంజను అందుకొననిచో డీజిలు చేరుచున్నది గాని మండుట లేదని అర్థము. దట్టమైన నల్లని పొగ వచ్చినచో డీజిలునకు తగిన గాలి చాలుట లేదని గ్రహింపవలెను. ఈ ఒక్క చూపుతో వెదకవలసిన చోటు సగమునకు తగ్గును. పొగ చూడక విప్పనారంభించినవాడు చీకటిలో రాయి విసరినవానితో సమానము.

పొగ రాలేదని తేలినచో టాంకునుండి ఇంజెక్టరు వరకు డీజిలు నడచు దారిని వరుసగా పరీక్షింపవలెను. దారి మధ్యలో దూకరాదు. మొదట టాంకు. దాని మూతకు గాలి పోవుటకై సన్నని రంధ్రముండును. అది దుమ్ముతో పూడిపోయినచో లోపలికి గాలి రాదు. గాలి రానిచో డీజిలు క్రిందికి దిగదు. అట్టి ఇంజను మొదట అందుకొని, కొంతసేపటికి తనంతట ఆగిపోవును. పిదప ఫిల్టరు. టాంకు అడుగున చేరిన మడ్డియు, నీరును దానిని మూసివేయును. కొంచెము డీజిలును గాజుసీసాలో పట్టి కదలించక యుంచినచో, నీరు బరువైనది గనుక అడుగునకు చేరి వేరుగా కనిపించును. ఈ పరీక్షకు కాసు ఖర్చు లేదు.

ఇక గాలి పట్టుట. టాంకు ఒకసారి పూర్తిగా ఎండిపోయినను, గొట్టపు మర వదులైనను డీజిలు దారిలో గాలి చొరబడును. ద్రవము అణచినను తగ్గదు; గాలి అణచినకొలది తగ్గును. కావున పంపు చేసిన ఒత్తిడి యంతయు ఆ గాలిబుడగలను నొక్కుటకే చెల్లిపోవును, ఇంజెక్టరు తెరచుకొనదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. ఈ దొంగను మాత్రము పట్టు ఉపాయము సులభమే. మొదట ఫిల్టరుపైనున్న గాలి తీయు మరను కొద్దిగా వదులు చేయవలెను. బుడగలతో కూడిన డీజిలు వెలువడును. బుడగలు ఆగి నిండు ధార వచ్చినంతనే మర బిగింపవలెను. తరువాత పంపుయొద్ద అట్లే చేయవలెను. కడపట ఇంజెక్టరు గొట్టపు నట్టును కొంచెము వదలి, హ్యాండిలు మెల్లగా త్రిప్పి, డీజిలు కనిపించిన పిమ్మట బిగింపవలెను. అప్పుడు మరల త్రిప్పినచో ఇంజెక్టరునుండి ‘కిర్రు’మను తీక్ష్ణమైన ధ్వని వినవచ్చును. ఆ ధ్వని వినిపించినచో డీజిలు తుంపరగా పడుచున్నదనుటకు అది మంచి గురుతు. టాంకునుండి ఇంజెక్టరు వైపునకు ఈ క్రమమును పాటింపక, మధ్యలో ఒకచోట మాత్రమే గాలి తీసినచో వెనుకనున్న బుడగ మరల ముందుకు వచ్చును.

తెల్లపొగ వచ్చుచున్నచో విచారణ వేరొక దారి పట్టవలెను. అప్పుడు డీజిలు పంపును నిందించి లాభము లేదు. గాలి చాలినంత వేడెక్కకపోవుటయే తరచు దీనికి కారణము. మెల్లగా త్రిప్పినచో అణగిన గాలి పిస్టను ప్రక్కలనుండి జారిపోవును. మిగిలిన వేడిని చల్లని గోడలు పీల్చుకొనును. కావుననే ఇట్టి ఇంజనులకు డికంప్రెషన్ మీట అమర్చిరి. దానిని ఎత్తియుంచినచో ఒక వాల్వు కొద్దిగా తెరచుకొనియుండి ఫ్లైవీలు తేలికగా తిరుగును. చక్రము మంచి వేగమందుకొన్న పిమ్మటనే మీటను విడువవలెను. వేగము రాకముందే విడిచినవాడు ఇంజనుతో కుస్తీ పట్టినట్లగును.

వేగము చాలియు అందుకొననిచో సంపీడనమును చేతితో పరీక్షింపవచ్చును. మీటను దించి, ఫ్లైవీలును మెల్లగా త్రిప్పినచో ఒకచోట అది గట్టిగా ఎదురు నిలిచి వెనుకకు తన్నవలెను. ఏ అడ్డమును లేక జారిపోయినచో గాలి ఎక్కడనో తప్పించుకొనుచున్నది. అప్పుడు చెవి యొగ్గి వినవలెను. గాలి పీల్చు గొట్టములో ‘బుస్సు’మన్నచో లోనికి గాలి విడుచు వాల్వు సరిగా మూతపడుట లేదు. పొగగొట్టములో వినిపించినచో పొగను వెడలించు వాల్వు చెడినది. నూనె పోయు మూతియొద్ద వినిపించినచో పిస్టను రింగులు అరిగినవి. సిలిండరులో కొద్దిపాటి ఇంజను నూనె వేసి మరల త్రిప్పినప్పుడు ఎదురుబలము పెరిగినచో ఆ అనుమానము గట్టిపడును. ఏలయన నూనె రింగుల సందులను తాత్కాలికముగా పూడ్చును. వాల్వుల లోపమును పూడ్పజాలదు. ఇంత చిన్న పరీక్షలో ఎంత చక్కని తర్కమున్నదో గమనింపదగును.

దేశకాలములనుబట్టియు ఆలోచింపవలెను. చలిదేశములలో ఇంజను అందుకొననిచో జనులు మొదట చలినే శంకింతురు. అక్కడి పుస్తకములును ఆ క్రమముననే వ్రాయబడినవి. మంచు కురియు చోట డీజిలులోని మైనము గడ్డకట్టును, నూనె చిక్కనగును. నంద్యాల ప్రాంతపు వేసవి యెండలనెరిగినవారు ఈ కారణమును మొదట పెట్టరు. మాఘమాసపు వేకువలోని చలి ఇంజనును కొంత మందగింపజేయవచ్చును గాని, సాధారణముగా దానిని పూర్తిగా ఆపలేదు. ఇచ్చట ముందుగా శంకింపవలసినవి రేగడి దుమ్ము, పాతడబ్బాలలో నిలువయున్న డీజిలులోని నీరు, పంటలనడుమ నెలల తరబడి ఇంజనును పలుకరింపక మూల పడవేయుట. పరాయిదేశపు జాబితాను కంఠస్థము చేయుట విద్య కాదు. దానిలోని న్యాయమును గ్రహించి తన ఊరి మట్టికి అన్వయించుకొనుటయే విద్య.

ఇంధనము విషయములో మరియొక మాట. పారిస్‌లో 1900లో జరిగిన ప్రదర్శనమున ఒక చిన్న డీజిలు ఇంజను వేరుసెనగ నూనెతో నడుపబడెను. వేరుసెనగ పండించు రాయలసీమవారికి ఇది ముచ్చట గొలుపు వార్తయే. కాని దీనినిబట్టి ఏ నూనెయైనను పోయవచ్చునని యెంచరాదు. చిక్కని నూనె నేటి ఇంజెక్టరులలో సన్నని తుంపరగా విడివడదు. కిరసనాయిలు కలిపిన డీజిలు పంపు భాగములను తగినంత జారుడుగా నుంచలేదు. చౌకగా వచ్చినదని పోసిన ఇంధనము చివరకు పంపు ఖరీదును రాబట్టుకొనును.

అడ్డదారులను గూర్చి నిక్కచ్చిగా చెప్పవలెను. గాలి గొట్టములో పెట్రోలుగాని, ఈథరు కలిసిన ద్రవముగాని పోసినప్పుడు అది తగిన క్షణము వచ్చుటకు ముందే మండవచ్చును. ఆ దెబ్బకు పిస్టను పగులవచ్చును. హ్యాండిలు వెనుకకు తన్ని త్రిప్పువాని చేయి విరుగవచ్చును. హ్యాండిలు పట్టునప్పుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల వైపుననే యుంచుమని పెద్దలు చెప్పుట ఇందుకే. ఇంజెక్టరు తుంపరకు చేయి అడ్డము పెట్టరాదు. ఆ ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి సుమారు రెండువందల రెట్లుండును. డీజిలు చర్మమును చీల్చి లోపలికి పోవును. అట్లు జరిగినచో గాయము సూదిమొనంత కనిపించినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. తువ్వాలుగాని, ఓణీగాని చక్రమునకు చేరువగా వ్రేలాడరాదు. మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. దాని పొగలో ప్రాణాపాయకరమైన విషవాయువు కలదు. పంట పోయిన మరుసటి ఏడు పండును. చేయి పోయిన మరల రాదు.

ఈ వాదమునకు ఒక ఆక్షేపణ కలదు. “రైతు మెకానిక్కు కాడు. నీరు పోవుచుండగా ఈ విచారణ లేల? తెలిసినవానిని పిలుచుట మేలు కాదా?” అని కొందరందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. డీజిలు పంపు లోపలి భాగములను, ఇంజెక్టరు ఒత్తిడిని పొలముగట్టున కూర్చుండి సవరింపరాదు. రింగులు మార్చుటకును, వాల్వులు రుద్దుటకును అనుభవశాలి కావలెను. అతని విద్యకు గౌరవము, అతని శ్రమకు ప్రతిఫలము చెల్లవలసినవే. కాని పైన చెప్పిన తొలి పరీక్షలకు కావలసినది ఒకటి రెండు స్పానరులును, కన్నులును, చెవులును మాత్రమే. కుళాయి తెరచుటకు పట్టణమునుండి మనుష్యుని పిలిపించిన రైతు కూలియు, ప్రయాణపు ఖర్చును, నీటి వేళయు కోల్పోవును. అంతేకాదు, “పొగ రాలేదు, ఫిల్టరు శుభ్రము చేసితిమి, గాలి తీసితిమి, అయినను ఇంజెక్టరు పలుకుట లేదు” అని చెప్పగలిగినచో మెకానిక్కు తగిన పనిముట్లతోనే వచ్చును. విచారణ అతని పనిని అపహరింపదు. దానికి దారి చూపును.

ఒక్క నియమమును ఎన్నడును మరువరాదు. ఒక సారికి ఒక్కటియే మార్చవలెను. ఫిల్టరు మార్చి, వాల్వు సందు సవరించి, డీజిలు మార్చి, అన్నియు ఒక్కసారిగా చేసిన పిమ్మట ఇంజను అందుకొన్నదనుకొనుడు. దేనివలన అందుకొన్నదో ఎవరును చెప్పలేరు. మరల అదే జబ్బు వచ్చినప్పుడు అన్నియు మరల చేయవలసినదే. ఒక్కొక్కటి మార్చి చూచినవానికి మాత్రము కారణము చేతికి చిక్కును. ఇంజను ప్రక్కన ఒక చిన్న పుస్తకముంచి, నూనె మార్చిన దినము, ఫిల్టరు మార్చిన దినము, వచ్చిన జబ్బు, కుదిరిన చికిత్స వ్రాసియుంచుట మంచి అలవాటు. ఇంటిలో చదువుకొను బాలురును బాలికలును ఈ పనిని చేపట్టినచో వారి చదువు పొలమునకు వెంటనే అక్కరకు వచ్చును.

పాఠశాలలో సైన్సు వేరు, పొలములో మరమ్మతు వేరు అను అభిప్రాయము ఇంకను పోలేదు. గాలిని అణచినచో వేడెక్కునని పరీక్షలో వ్రాసి మంచి మార్కులు పొందిన విద్యార్థి, ఆ న్యాయమే తన తండ్రి ఇంజనులో పనిచేయుచున్నదని ఎరుగక పోవచ్చును. మసి అంటిన చేతుల పనిని తక్కువగా చూచుట ఇందుకు ఒక కారణము. ఆ మసియందే భౌతికశాస్త్రము కలదు. కారణము వెదకుట, అనుమానమును పరీక్షించుట, తప్పైనదానిని విడుచుట, తేలినదానిని వ్రాసియుంచుట శాస్త్రజ్ఞులు చేయు పనులే. ఇవి పొలముగట్టునను చేయవచ్చును. ఇంజనునకు మొండితనము లేదు, పగ లేదు. అది అడిగిన ప్రశ్నకు సరియైన సమాధానమే ఇచ్చును. ఆ ప్రశ్నను వరుస తప్పక అడుగుట నేర్చిన బాలుడుగాని, బాలికగాని ఉన్న ఇంటిలో కాలువ నీరు వృథాగా పోదు.